ఎడమ చేతికి నాది, కుడి చేతికి అక్కది

మొన్న హనుమకొండలో షుగర్ పరీక్షకని పోతే, రక్తం తీసే నర్సమ్మాయి నా ఎడమ చేతిని స్పిరిట్ దూదితో తుడుస్తూ, మణికట్టుకు కొంచెం పైనున్న మూడు చుక్కల దగ్గర ఆగి, పెన్ను సిరా అనుకుందేమో, ఇంకాస్త గట్టిగా రుద్దింది. అది పోదు బిడ్డా, పచ్చబొట్టు అని చెబితే సిగ్గుపడి నవ్వింది. ఆ పిల్ల తప్పేం లేదు, డెబ్బైల నాటి పచ్చ కదా, వెలిసిపోయి ముడతల్లో కలిసిపోయింది. అయినా ఇంటికి వచ్చేదాకా ఆటోలో దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను.

అక్కా నేనూ కవలలం. మట్టెవాడలో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్ళం. నాన్న బట్టల మిల్లులో పని చేసేవాడు. మా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఒకే తాను గుడ్డలో ఇంట్లో పిల్లలందరికీ గౌన్లు కుట్టించేవారు, మిగిలిన ముక్కతో దిండు గలీబు కూడా అయ్యేది. అసలే ఒకే అచ్చులో పోసినట్టుండే మేం, ఆ గౌన్లతో ఇంకా కలిసిపోయేవాళ్ళం. నాన్న ముందు ఒక పేరు పిలిచి, మేం నవ్వితే రెండో పేరు పిలిచేవాడు. అమ్మ మాత్రం తను ఎన్నడూ పొరపడనని అనేది. అది కూడా నిజం కాదని తేలింది మా ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చినప్పుడు.

దవాఖానలో ఇచ్చే ఎర్రమందు మీకు గుర్తుండే ఉంటుంది, సీసాకు పక్కన కత్తిరించిన కాగితం అంటించి ఉండేది, ఎంత తాగాలో తెలియడానికి. ఆ మందు పొద్దున అమ్మ పట్టింది, మధ్యాహ్నం నాయనమ్మ పట్టింది, జ్వరం మత్తులో ఒకే చాప మీద దొర్లుతున్న మా ఇద్దరిలో రెండుసార్లూ ఇద్దరి వంతూ తాగింది నేనే. సాయంత్రానికి నాకు చెమట పట్టి జ్వరం దిగింది. అక్కకు ఒళ్ళు కాలిపోయి, కళ్ళు తేలేసి, చేతులు కొట్టుకోసాగాయి. నాన్న అక్కను భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా ఉరికాడు. అక్క దవాఖానలో ఉన్నన్నాళ్ళూ అమ్మ అక్కడే ఉండిపోయింది, ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసేది.

అప్పుడు నాయనమ్మ తేల్చేసింది.

"ఇగ ఈ ఇద్దర్ల ఒకదానికి పచ్చబొట్టు పొడిపియ్యాలె. మళ్ళొకసారి గిట్లయితే నా పాణం ఆగదు."

పెద్దదానికే అనుకున్నారు. కానీ పచ్చబొట్లు పొడిచే ఆమె సందులోకి వచ్చేసరికి అక్క ఇంకా పుల్లలా ఉంది, సూది చూడగానే అమ్మ వెనక దాక్కుంది, దవాఖానలో పొడిపించుకున్న సూదులు చాలని అమ్మ కూడా అడ్డుపడింది. అలా ఆ గుర్తు నా చేతికి వచ్చింది. అరుగు మీద కూర్చోబెట్టి, దీపం మసిని ఏదో ఆకుపసరుతో నూరి, కట్టగా కట్టిన సూదులతో ఆమె పొడుస్తుంటే, నాయనమ్మ నా తలను తన ఒళ్ళో పెట్టుకుని అటు చూడొద్దన్నది. చూశాను. నొప్పికంటే గర్వం ఎక్కువగా ఉండింది. పసుపు రాసిన ఆ చేతిని సందంతా చూపించుకుంటూ తిరిగాను.

నాయనమ్మ అనుకున్నట్టే ఇంట్లో తికమక తీరింది. చుక్కలు చూసి నా పేరు పిలిచేవారు, లేకపోతే అక్క. కానీ సందులో మరొకటి మొదలైంది. నేను పచ్చబొట్టు పిల్లనయ్యాను, అక్క పచ్చబొట్టు లేని పిల్ల అయ్యింది. బడిలో పంతులమ్మ కూడా అలాగే అనేది. అక్క ఆటలకు రావడం తగ్గించింది, పిలిస్తే పలకడం మానింది. జ్వరం నీరసమే ఇంకా తీరలేదని అమ్మ అనుకుని అన్నంలో నెయ్యి ఎక్కువ వేసేది. అసలు కారణం అప్పుడు నాకు తెలుసో తెలియదో ఇప్పుడు చెప్పలేను, పక్కన పడుకుంటే అక్క నా చేతి మీది చుక్కల్ని వేలితో తడమడం మాత్రం గుర్తుంది.

వానాకాలం పోయాక పచ్చబొట్ల ఆమె మళ్ళీ వచ్చింది. ఎవరూ పిలవకుండానే అక్క వెళ్ళి ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపింది. అమ్మ పరుగెత్తుకొచ్చి లేపబోయింది. ఇద్దరికీ పొడిపిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది కదా అని కోప్పడింది. అక్క లేవలేదు. అమ్మతో కాదు, గడపలో నిలబడ్డ నాయనమ్మతో అన్నది.

"అందరు నన్ను పచ్చబొట్టు లేని పిల్ల అంటాండ్రు. నాకు పేరు లేదా నాయినమ్మా?"

నాయనమ్మ వచ్చి అక్క పక్కన కూర్చుని, పచ్చబొట్ల ఆమెతో మెల్లగా చెప్పింది.

"పొడువు. దీనికి కుడి చెయ్యికి పొడువు. ఏం పొడువాల్నో గది దాన్నే అడుగు."

అక్క పువ్వు అడిగింది. చిన్న చుక్కలకే నేను మూలిగితే, రేకులన్నీ పొడిచేదాకా అక్క కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. ఏడ్చింది నేను. ఆ సాయంత్రం అక్క తనంతట తానే వచ్చి నన్ను తొక్కుడుబిళ్ళకు పిలిచింది.

పెద్దయ్యాక అక్కను కాజీపేట రైల్వే ఉద్యోగికి ఇచ్చారు. బదిలీల మీద బదిలీలు, పైగా బావగారు తొందరగా పోవడంతో, అక్క ఒక్కతే నెట్టుకొచ్చింది. నేను హసన్‌పర్తిలో నీడపట్టున బతికాను. ఈమధ్య అక్కను రైలెక్కించడానికి కాజీపేట స్టేషన్‌కు పోతే, బెంచీ మీద పక్కన కూర్చున్న ఒకామె, అక్కను చూపించి, మీ అమ్మగారా అని నన్ను అడిగింది. అక్క హాయిగా నవ్వింది.

ఇప్పుడు మమ్మల్ని వేరు చేయడానికి ఎవరికీ ఏ గుర్తూ అక్కర్లేదు. కాలమే ఆ పని చేసి పెట్టింది. అమ్మ పోయింది, నాయనమ్మ ఎప్పుడో పోయింది, నాన్న అంతకుముందే పోయాడు. పొరపాటునైనా నన్ను అక్క పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.