వెనక్కి తిప్పిన బొమ్మ

ఎచ్చెర్లలో నాతోపాటు పరిశోధన చేసిన సీనియర్‌ని అక్కా అని పిలిచేదాన్ని. చుట్టపొగలోని విషం డీఎన్ఏకి అంటుకుంటే ఏమవుతుందో కంప్యూటర్‌లో కదిలే బొమ్మగా చూపించడం ఆమె పని. మెలితిరిగిన నిచ్చెనలాంటి డీఎన్ఏ మెట్ల మధ్యకి విషం దూరేది, నిచ్చెన వంగిపోయేది.

వాళ్లమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అంగిట్లో తెల్లమచ్చ లేచినా ఆస్పత్రికి రానంది. భయపడితేనైనా వస్తుందని అక్క ఒకరోజు ఆమెను ల్యాబుకి తీసుకొచ్చి ఆ బొమ్మ చూపించింది.

"నా నోట్లోనా ఇలగే అవతన్నాదేటే?" అంటూ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఎవరి కళ్లలో నీళ్లు తిరిగినా చూడలేని మనిషి అక్క. గబుక్కున బొమ్మను వెనక్కి తిప్పింది. వంగిన నిచ్చెన మెల్లగా నిటారుగా లేచింది.

"అదిగో, సక్కబడిపోనాది! మరింక ఆస్పత్రెందుకే?" అమ్మ ముఖం విప్పారింది.

అది ఉత్త బొమ్మేనని, ఒంట్లో అలా వెనక్కి తిరగదని అక్క చెప్పలేదు. పక్కనే ఉన్న నేనూ చెప్పలేదు. అమ్మ నవ్వుతూ నరసన్నపేట బస్సెక్కింది.

కొన్ని నెలలకి ముద్ద మింగుడుపడక విశాఖ తీసుకెళ్లారు. అప్పటికే పుండు ఎముకలోకి పాకింది. అమ్మ దక్కలేదు.

దినాలయ్యాక అక్క తిరిగొచ్చి పని పూర్తిచేసింది. కానీ బొమ్మను మళ్లీ ఎప్పుడూ వెనక్కి తిప్పలేదు. మధ్యలో ఏదైనా తప్పిపోతే ఆపేసి, ఓపిగ్గా మొదటినుంచీ చూసేది. ఎందుకని నేను అడగలేదు. ఆమే ఒకసారి, నావైపు చూడకుండా అంది.

"నానంటే కూతుర్ని, నోరు రానేదు. నువ్వైనా సెప్పలేకపోనావేటే?"