తాళం తీయించాక పెట్టిన సంతకం

గత శుక్రవారం ఉదయం రామచంద్రపురం నుంచి ఫోను వచ్చింది. మా బధిర బాలికల హాస్టల్ కమిటీకి పదకొండేళ్లు అధ్యక్షురాలిగా ఉన్న మేడంగారు కన్నుమూశారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను ఆ కమిటీ కార్యదర్శిని.

ఆవిడ రాకముందు మా సమావేశాలు గంటలో ముగిసేవి. ఎవరో ఒక సభ్యుడి వరండాలో కూర్చుని, పెసరట్లు తిని, నేను రాసుకొచ్చిన తీర్మానాల కింద సంతకాలు పెట్టేవాళ్లం. ఊళ్లో మాకు మర్యాద బాగానే ఉండేది. హాస్టల్‌కి మాత్రం జెండా పండగ రోజునే వెళ్లేవాళ్లం.

మేడంగారు మొదటి సమావేశంలోనే ‘హాస్టల్ తనిఖీ చేసి సంతృప్తి చెందాము’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయారు. ఎవరు వెళ్లారని మెల్లగా అడిగారు. ఎవరం వెళ్లలేదని ఒప్పుకున్నాం.

"చూడకుండా ఎలా పెట్టమంటారండీ సంతకం? పదండి, చూసొచ్చి పెడదాం" అన్నారు.

రెండు ఆటోల్లో బయల్దేరాం. తీరా వెళ్తే, పిల్లల గదికి బయటినుంచి తాళం. లోపల పద్నాలుగు మంది. వార్డెన్ బజారుకి వెళ్లిందని, పిల్లలు రోడ్డు మీదకి పోకుండా రోజూ ఇలాగే తాళం వేస్తుందని వంటావిడ చెప్పింది. మేడంగారు తలుపు గట్టిగా కొట్టారు. ఎవరూ పలకలేదు. వాళ్లకి వినపడదు కదా. అప్పుడు ఆవిడ పక్కింటి నుంచి సుత్తి తెప్పించి తాళం పగలగొట్టించారు.

ఆ వార్డెన్ స్వయానా మేడంగారి చెల్లెలి కూతురు. వారం తర్వాత ఆ విషయం చర్చకి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచారు. "మా పిల్ల సంగతి నేను తేల్చకూడదండీ. నా మొహం చూసి మాత్రం ఏదీ రాయకండి" అని చెప్పి బయట అరుగు మీద కూర్చున్నారు. మందలించి వదిలేద్దామని మొదట అన్నవాణ్ణి నేనే. చాలాసేపు వాదించుకున్నాక ఆ అమ్మాయిని తీసేశాం. మేడంగారు తీర్మానం చదివి తలూపారు.

ఆ రోజు నుంచి చెల్లెలు ఆవిడతో మాట్లాడలేదు. ఓసారి ద్రాక్షారామం బస్సులో ఆ సంగతి అడిగాను.

"బాధ ఎందుకుండదండీ, చెల్లెలు కదా. కానీ ఆ పిల్లలు నోరు తెరిచి మనకి చెప్పుకోలేరు. మనమే వెళ్లి చూడాలి. అందుకే కదా మనల్ని కమిటీలో వేసింది" అన్నారు.

తర్వాత నెలకొకరం వంతులేసుకుని వెళ్లడం, చూసొచ్చాకే సంతకం పెట్టడం అలవాటైంది. నాకూ నాలుగు సైగలు వచ్చాయి.

మేడంగారి అంత్యక్రియల రోజున చర్చి వెనక సమాధి దగ్గర అందరూ పాట పాడుతుంటే, హాస్టల్ పిల్లలు ఓ పక్కన నిలబడి ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఉంచారు. చెల్లెలుగారు వచ్చారు. అదేంటని నన్నడిగారు. వెళ్లినప్పుడల్లా మేడంగారు ఒక్కో పిల్ల నాడి చూసేవారని, వాళ్ల సైగల్లో ఆవిడ పేరు అదేనని చెప్పాను.

చెల్లెలుగారు వాళ్ల వైపు తిరిగారు. తర్వాత గాజులు పైకి జరుపుకుని, తన మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించుకున్నారు.