ఆఫీసు వదిలేసి పోయిన చిరునామా

కోరాపుట్ కొండల మధ్య మా టౌన్‌షిప్ క్వార్టర్లో ఫోన్‌కు సిగ్నల్ అందదు. గోడలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగ ఒక్కటే దిక్కు, అదీ ల్యాప్‌టాప్‌కే. మా ఆవిడ ఉద్యోగం గుణుపురంలో, పాప బడీ అక్కడే. పొద్దుగూకాక ఇక్కడ నేను, అక్కడ వాళ్లు కంచాలు ముందేసుకుని వీడియోలో కలిసి తింటాం. నేను కనిపించందే పాప ముద్ద ముట్టదని మా ఆవిడ అన్నప్పుడల్లా పొంగిపోయేవాణ్ణి.

ఆ రోజు పని ముగించి వీపీఎన్ తెంపాను. ఇంట్లో కూర్చునే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి అదే మా దారి. తెంపగానే ఇంటర్నెట్ చచ్చింది. వడ్డించుకున్న అన్నం చల్లారిపోతోంది. బయటికొచ్చి పక్క క్వార్టర్ ఆయన్ని అడిగాను.

“వానొస్తే ఇంతే బాబూ. లైన్ పోయుంటాది. తీగ పీకి పెట్టు,” అన్నాడాయన.

మా టౌన్‌షిప్‌లో అన్ని రోగాలకూ అదే మందు. పీకాను, పెట్టాను, మంచం కిందికి దూరి మళ్లీ పీకాను. ఛీ, వెధవ బతుకు!

విసుగొచ్చి వీపీఎన్ మళ్లీ కలిపాను. మెయిళ్లు బిలబిలా వచ్చిపడ్డాయి. అంటే లైన్ బాగానే ఉంది! కానీ ఆఫీసు దారిలో ఇంటికి వీడియో కాల్స్ చేయనివ్వరు. కలిపితే బాసు దొరుకుతాడు, తెంపితే ఎవ్వరూ దొరకరు. ఆ గదిలో అంత ఒంటరిగా నాకెప్పుడూ అనిపించలేదు.

మళ్లీ తెంపి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కొట్టాను. అంకెల చిరునామా ఇస్తే జవాబొచ్చింది, వెబ్‌సైట్ పేరిస్తే రాలేదు. అప్పుడు బుర్ర వెలిగింది. పేరు చెబితే అంకెలు చెప్పే సర్వర్ ఒకటుంటుంది. నా ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌లో దాని చిరునామా ఉండే ఫైలు తెరిస్తే, అందులో ఇంకా ఆఫీసు సర్వరే కూర్చునుంది. వీపీఎన్ పోతూ పోతూ దాన్ని వదిలేసి పోయింది. నా లినక్సేమో తెగిపోయిన దారిలో ఆఫీసునే పిలుస్తోంది. ఆ అంకెలు చెరిపి మా లైన్ వాళ్లవి రాశాను. నెట్ వచ్చింది.

మా ఆవిడ కాల్ ఎత్తింది. వెనక గట్టు మీద పాప కంచం కడిగి బోర్లించి ఉంది.

“అది తిన్నదా?” అన్నాను.

“మీ కోసం కాసేపు సూసింది. నాన్నకి నెట్ నేదేమోలే అని తినీసి, ఆడుకోడానికి పోనాది అమ్మి. మీరు తినండి, నేను సూస్తంటాను.”

పిల్ల ఆకలితో కూర్చోలేదని సంతోషపడాలి. పడలేకపోయాను. నేను లేకుండా తినడం దానికి వచ్చేసింది.