చల్లగాలి గొట్టం మీద నిమ్మకాయ

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంత జరిగితే కొండంత చెప్పే అలవాటు నాది.

స్టుట్‌గార్ట్‌లో మా పాత కారు ఇంజనుకు చల్లగాలి బాగా అందాలని బయట నుంచి కొత్త గొట్టం, ఫిల్టరు తెప్పించి నేనే బిగించాను. ఆ రోజు నుంచి కారు స్టార్టు చేస్తే వీధి చివరి చెట్ల ఆకులు మా వైపు వంగేవి. కారు వేగం కూడా పెరిగిందని మా ఆవిడకు చెప్పాను. అంతటి గొట్టానికి దిష్టి తగలదా? నిమ్మకాయ, మిరపకాయలు దండ గుచ్చి దానికే కట్టాను.

"రేపు సర్కారు తనిఖీలో కారు పాసైనట్టు స్టిక్కర్ ఇవ్వకపోతే ఆఫీసుకి నడిచి వెళ్తారా?" అంది మా ఆవిడ.

మర్నాడు తనిఖీ అధికారి బానెట్ ఎత్తి, గొట్టానికి అనుమతి పత్రం అడిగాడు. నలభై పేజీలు ఇచ్చాను. ఒక యుగం పాటు చదివి తలూపాడు. తర్వాత నిమ్మకాయ వైపు వేలు చూపించి, "మరి దీనికి?" అన్నాడు.

"అది భద్రత కోసం సార్."

"భద్రతా పరికరమైతే పత్రం తప్పనిసరి."

దండ విప్పి జేబులో వేసుకున్నాకే స్టిక్కర్ అంటించాడు.

ఆకులు వంగడం నా కల్పన. పత్రం ఒక్క పేజీయే. నిమ్మకాయ సంగతి అక్షరాలా నిజం. గొట్టం పెట్టాక కారు వేగం పెరిగిందని మా ఆవిడకు చెప్పాను చూడండి, అదీ కల్పనే.