కల్యాణ మండపం వెనక పూలు

మా పక్కింటి సైన్సు మాస్టారు పోయిన నెల కన్నుమూశారు. రిటైరై పన్నెండేళ్లయినా ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. పదో తరగతిలో నాకూ ఆయనే చెప్పారు. ఎవరేం చెప్పినా, "చూసి చెబుతున్నావా, అనుకుని చెబుతున్నావా?" అని అడిగేవారు.

ఆ ప్రశ్నకి మొహం చాటేసిన పెద్దమనుషుల్ని నిరుడు సత్తెనపల్లిలో చూశాను. జన్యువులు మార్చిన నీలం కార్నేషన్ పూలు అమ్మకానికి తెస్తారట. హాని ఉందో లేదో తేల్చడానికి అధికారులు ఒక కల్యాణ మండపంలో సమావేశం పెట్టారు. కుర్చీలు నిండాలని మా భజన బృందాన్నీ పిలిచారు. మాస్టారూ మాతో వచ్చారు. మేం నోరు తెరవకముందే "ప్రజలకు అభ్యంతరం లేదు" అని అచ్చువేసిన కాగితం బల్లమీద ఉంది. దేవుణ్ణి తలిచే నోటితో ఎవర్నీ తిట్టకూడదనుకుంటాను. ఆ రోజు చాలా కష్టపడ్డాను.

కింద ఇంకో వరుస: "పశువులు తినే అవకాశం లేదు."

మాస్టారు లేచారు. "ఎందుకు తినవండీ?"

"ఇవి బొకేల్లో పెట్టే పూలండీ. వాడాక డస్ట్‌బిన్‌లో వేస్తారు," అన్నాడు అధికారి, ఎల్‌కేజీ పిల్లాడికి చెప్పినట్టు.

"నిన్న ఇక్కడ పెళ్లయింది. డెకరేషన్‌కి మామూలు కార్నేషన్లే పెట్టారు. ఇప్పుడు వెనక పోసి ఉన్నాయి. ఒక్క నిమిషం వచ్చి చూడండి సార్."

"లంచ్ టైమైందండీ."

మాస్టారొక్కరే వెళ్లొచ్చారు. "గేదెలు తింటున్నాయండీ. మీ కాగితం చదవలేదనుకుంటా."

మా ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. అధికారులు బిర్యానీ వైపు నడిచారు. ఎన్ని డిగ్రీలో వాళ్లకి! పెరటిదాకా నడిపించలేని డిగ్రీలు.

బస్సులో అడిగాను. "ఆ నీలం పూలు విషమంటారా మాస్టారూ?"

"నాకు తెలియదమ్మాయ్. వాళ్లకీ తెలియదు. తెలియదని రాయడానికి వాళ్లకి నామోషీ."

ఆ ఒక్క వరుస మార్పించాలని అభ్యంతరం రాసుకుని ఆ అధికారుల ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగారు. ప్రతిసారీ రేపు రమ్మన్నారు. ఆ అచ్చు కాగితం పైకి వెళ్తే ఇక చేసేదేమీ లేదని బెంగపడేవారు. ఆ బెంగతోనే పోయారు.

పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య ఆ అభ్యంతరం నా చేతిలో పెట్టారు. ఆఫీసుకి తీసుకెళ్లాను.

"ఆయన పోయారుగా. ఇంకెవరిదమ్మా ఇది?" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

"నాదండీ."

"మీరేం చదువుకున్నారు?"

"ఆయన దగ్గర చదువుకున్నానండీ."

మాస్టారి సంతకం కింద నా సంతకం పెట్టాను. ఫ్యాను గాలికి కాగితం లేచిపోతుంటే, స్టాంపు పడేదాకా రెండు వేళ్లతో నొక్కిపట్టుకుని అక్కడే నిలబడ్డాను.