చేతులతో లాగమన్నది నేనే

బళ్లు తెరిచేలోపు బరువులెత్తడం పద్ధతిగా నేర్చుకుందామని జూన్ మొదట్లో తిరుపతికి బయల్దేరాను. చిత్తూరులో డ్రిల్లు సారుగా పద్నాలుగేళ్లు ఆ విద్య పిల్లలకు నేర్పి, ఇప్పుడు నేర్చుకోవడానికి పోతున్నానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నేను నేర్చుకున్నదంతా ఫోన్లో వీడియోలు చూసే. ఆ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

ఉదయం ఆరుంబావుకు ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. పక్క సీటు పెద్దామె తలనీలాలు ఇవ్వడానికి కొండకు పోతోంది. నా పని విని నన్ను ఎగాదిగా చూసి, "ఈ వయసులో బరువులేంది నాయనా? నడిచి కొండెక్కు, పొట్ట అదే తగ్గుతాది" అంది. బస్సులో సగం మంది నవ్వారు.

ఎనిమిదిన్నరకు తిరుపతి. అక్కడ గదులు దొరక్క తిరుచానూరులో ఒక లాడ్జీలో దిగాను. గది ఇరుకు, నీళ్లు మాత్రం బాగా వస్తాయి. ఎదురు హోటల్లో పొంగలి తిని షేర్ ఆటో ఎక్కితే పదింటికల్లా శిక్షణ హాలుకు చేరుకోవచ్చు.

నేర్పే పెద్దాయనది సత్యవేడు. మొదటి రోజంతా నా చేతికి ప్లాస్టిక్ పైపే ఇచ్చాడు. నాకు నామోషీగా అనిపించింది. రెండో రోజు ఇనుప రాడ్డు ఇచ్చి, నేల మీంచి ఒక్క ఊపులో నెత్తి మీదికెత్తే స్నాచ్ చెయ్యమన్నాడు. పిల్లలకు నేర్పినట్టే మోచేతులు మడిచి బలంగా లాగాను. రాడ్డు ముందుకు తూలింది, దాని వెంట నేనూ తూలాను.

"సేతులతో లాగతావేందప్పా? సేతులు తాళ్ల మాదిరి ఉండాల. కాళ్లతో నేలను తొయ్యి. ముందే లాగితే రాడ్డు ఒంటికి దూరంగా పోతాది. అట్ల పోయినదాని కిందికి దూరాలంటే ఎవురికైనా జంకే" అన్నాడు.

ఆ మాటతో రేవతి గుర్తొచ్చింది. పదేళ్ల కిందట నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో అందరికన్నా గట్టిది. బరువు పైకి లేచేది, దాని కింద కూర్చోలేక వదిలేసేది. "చేతులతో లాగు" అని నేను అరిచేవాణ్ని. జిల్లా పోటీలో మూడుసార్లూ వదిలేస్తే, అందరి ముందూ "నీకు భయం, నువ్వు దేనికీ పనికిరావు" అన్నాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. నేనూ పిలవలేదు.

మూడో రోజు చేతులతో లాగడం మాని కాళ్లతో నేలను తోశాను. రాడ్డు ఒంటిని రాసుకుంటూ లేచింది. నలభై దాటిన నేను జంకు లేకుండా దాని కింద కూర్చున్నాను. "ఇప్పుడు బాగుండాది" అన్నాడు పెద్దాయన. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది.

శిక్షణ ముగిశాక ఒంటిగంట బస్సుకు చిత్తూరు వచ్చి, ఇంటికి పోకుండా బంగారుపాళ్యం బస్సెక్కాను. రేవతి అక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తోందని పాత విద్యార్థి ఒకడు ఫోన్లో చెప్పాడు. నాలుగున్నరకు షిఫ్టు వదిలారు. గేటు దగ్గర నన్ను చూసి ఆగిపోయింది.

"సార్, మీరు ఈడ?"

తప్పు నాదేననీ, నీది భయం కాదనీ నిలబడే చెప్పేశాను. ఆమె చేతులకంటిన పసుపు మరకలు కొంగుకు తుడుచుకుంటూ వింది.

"ఆ పోటీ తర్వాత, ఇంటర్ అయినాక మా నాయన పోలీసు ఉద్యోగానికి అప్లికేషన్ తెచ్చినాడు సార్. నాకు భయం, దేనికీ పనికిరానని నేనే చింపేసినాను."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. పనివాళ్లను దింపే ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొట్టింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఇంకెవురికైనా అట్లే చెప్పినారా సార్?" అంది.

ఐదున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తిరుపతిలో చక్కగా నేర్పేవాళ్లున్నారు. పిల్లలకు నేర్పే సార్లెవరైనా, నేర్పకముందే ఒకసారి పోయి రండి. నేను పద్నాలుగేళ్లు ఆలస్యంగా పోయాను. చిత్తూరు వచ్చేదాకా నా దగ్గర నేర్చుకుని మానేసిన పిల్లల్ని ఒక్కొక్కరినే గుర్తుచేసుకున్నాను. మొహాలు గుర్తొచ్చాయి. చాలామంది పేర్లు గుర్తురాలేదు.