మడ్డి మీదికి నెట్టిన నలుపు

మొన్న నిజామాబాద్‌లో మా మనవరాలి ఈడు డాక్టరమ్మ ఒకామె నా గొంతులోంచి కెమెరా గొట్టం దింపి, కడుపులో పుండ్లు చేసే క్రిమి ఉన్నదనీ, వదిలేస్తే కొందరిలో అది క్యాన్సర్ దాకా పోతుందనీ, రెండు వారాలు బిళ్లలు మింగమనీ చెప్పింది. ఎంత పెట్టినా తృప్తిపడని నా కడుపును లోపలినుంచి చూసిన మనిషి ఆమె ఒక్కతే గనుక మర్యాదగా తలూపాను. మీ ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ ఉండెనా అని అడిగినప్పుడు మాత్రం పాత కోపం మళ్లీ లేచింది.

మా బాపు బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగించే చోట పనిచేసేవాడు. పాకాన్ని వేళ్ల మధ్య తీగ సాగదీసి చూసి, ఆ వేలు నోట్లో పెట్టుకోవడం అక్కడ అందరికీ అలవాటే. బీడీ వదలనివాడు, ఊరగాయ లేనిదే ముద్ద దిగనివాడు, ఎనభైల చివర, చెరుకు ఆడే ఒక గానుగ సీజన్‌లో రెండు ముద్దలకే కడుపు నిండిందని లేచిపోవడం మొదలుపెట్టి, లుంగీ నడుమున నిలవనంతగా చిక్కిపోయాడు. మా గల్లీ డాక్టరు పొట్ట మీద చెయ్యన్నా వెయ్యకుండా గ్యాస్ అని తేల్చి, గులాబీరంగు మందు పోసిచ్చేవాడు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పొయ్యికింకా గ్యాస్ రాని రోజుల్లోనే ఊరందరి కడుపుల్లోకీ గ్యాస్ వచ్చేసింది.

తర్వాత విరేచనం తారులాగా నల్లగా పోతున్నదని బాపు సిగ్గుపడుతూ తోటివాళ్లకు చెప్పుకుంటే, పాకం నాకేటోనికి మడ్డి గాక మల్లెపువ్వులు వోతయా అని నవ్వారట. చక్కెర తీసినాక మిగిలే మడ్డి నల్లగానే ఉంటుంది గనుక బాపూ నమ్మాడు, మేమూ నమ్మాం. వాళ్ల మీద నాకు కోపం లేదు. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, అదే సంగతి కొంగు అడ్డం పెట్టుకుని ఆ గల్లీ డాక్టరుకు చెప్తే ఆ పెద్దమనిషీ నవ్వాడు చూడండి, ఆ నవ్వు మీద కోపం. కడుపులో కారిన నెత్తురే అట్లా నల్లబడుతుందని తెలియనివాడు ఆ కుర్చీలో ఎందుకు కూచున్నట్టు?

హైదరాబాదు పోదామని అవ్వ పోరితే బాపుది ఒకటే మాట. "సీజన్ నడుస్తున్నది. గానుగ బందైనంక పోదాం, ఊకో." చెరుకు బండ్లు బారులు తీరి ఉండగా జబ్బుపడటం మా దగ్గర మర్యాద కాదు. పెండ్లిళ్లూ పంచాయితీలూ దవాఖానలూ అన్నీ గానుగ ఆగినంకనే.

ఎండాకాలంలో హైదరాబాదు పెద్ద దవాఖానలో బాపు పొట్ట కోసి చూసి, కాలేయం దాకా పాకిందని మళ్లీ కుట్టేశారు. సీజన్ మొదట్లోనే తెస్తే చెడిన భాగం తీసేసేవాళ్లం కదమ్మా అని అక్కడి డాక్టరు మందలిస్తే అవ్వ ఒక్కటే అడిగింది.

"మరి గీ మాట మాకు ముందుగాల ఎవ్వలు చెప్పాలె సారూ?"

వానలు పడకముందే బాపు పోయాడు.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడి ఆ గానుగా ఆగిపోయింది, ఏ సీజన్ కోసమూ ఎవరి జబ్బూ ఆగనక్కర్లేదు. నల్లగా పోతే మాత్రం ఆ రోజే రావాలె అని నాకు చెప్పడానికి డాక్టరమ్మకు ఒక్క ఊపిరి చాలింది. ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు మా బాపు రోజుల్లో మా గల్లీలో లేకపోయారు. ఉన్న ఒక్కడూ నవ్వుతూ కూచున్నాడు.